అరబస్తా ఇసుక

పెద్దమ్మ పదోరోజు కర్మ సముద్రం ఒడ్డునే జరగాలని అన్నయ్య పట్టుబట్టాడు. కాపురానికొచ్చిన నాటి నుంచి ఆవిడ ఆ ఒడ్డు వదిలి ఎక్కడా నాలుగు రోజులు ఉన్నది లేదు, ఇప్పుడు ఏదో షెడ్డులో కుళాయి కింద ఎందుకు కానివ్వాలి అన్నాడు. సరేనని అంబత్తూరు నుంచి చీకటితోనే ఆటో మాట్లాడుకుని బయల్దేరాను. వాషర్‌మెన్‌పేట దాటి ఎన్నూరు ఎక్స్‌ప్రెస్ రోడ్డెక్కేసరికి కంటైనర్ లారీలు అప్పటికే వరసకట్టి ఉన్నాయి.

పంతులుగారు రోడ్డు పక్కన స్కూటర్ ఆపి, పంచె ఎగ్గట్టి, బండరాళ్ల మీద నాలుగడుగులు దిగి, అటూ ఇటూ చూసి వెనక్కి తిరిగారు.

"ఇసుకేదమ్మా?"

మేం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. సముద్రం ఎదురుగానే ఉంది, రాళ్లని కొడుతోంది, మా మొహాల మీద తుంపర పడుతోంది. కానీ ఇసుక లేదు. పిండం పెట్టడానికి చిన్న గద్దె కట్టాలంటే గుప్పెడు ఇసుక కూడా ఆ రాళ్ల సందుల్లో దొరకలేదు. దొరికింది ప్లాస్టిక్ కవర్లు, తెగిన నైలాన్ వల ముక్కలు, ఒక ఒంటి చెప్పు.

అన్నయ్య మాట్లాడకుండా స్కూటర్ తీసుకెళ్లాడు. వెనక వీధిలో ఎవరిదో మూడంతస్తుల ఇల్లు లేస్తోంది, అక్కడి మేస్త్రీ తెలిసినవాడు. పావుగంటలో సిమెంటు సంచిలో సగానికి ఇసుక నింపుకొచ్చాడు. ఎం-శాండ్. కొండరాయిని మిషన్లో పొడిచేస్తే వచ్చే బూడిదరంగు ఇసుక. తడిపితే గద్దె నిలవలేదు, జారిపోయింది. పంతులుగారు ఇంకో చెంబెడు నీళ్లు పోసి, అరచేత్తో మళ్లీ మళ్లీ ఒత్తారు. అప్పుడే వెనక వీధిలోంచి ఎండబెట్టిన నెత్తళ్ల వాసన వచ్చింది. ఇన్నేళ్లుగా నేను ఉంటున్న చోట ఆ వాసన రాదు. అంతే, మంత్రాలు వినపడటం మానేశాయి.

*

మా ఇల్లు మద్రాసు హార్బరుకి ఉత్తరాన, కాసిమేడుకీ తిరువొత్తియూరుకీ మధ్య ఒక కుప్పాన్ని, అంటే జాలర్ల పల్లెని, ఆనుకుని ఉండేది. పేరు రాయను, ఇప్పుడు అక్కడున్నవాళ్లకి ఎందుకొచ్చిన గొడవ. మావాళ్లు తడ వైపు నుంచి వచ్చినవాళ్లు. నాన్న హార్బరులో సరుకు దించే ఒక కంపెనీలో ట్యాలీ క్లర్కు. ఓడలోంచి దిగిన మూటలు లెక్కపెట్టి రాసుకోవడం ఆయన పని. మా వీధిలో సగం తెలుగు, సగం తమిళం. పిల్లలం తిట్టుకునేది మాత్రం తమిళంలోనే, అందులో ఊపు ఎక్కువ.

మా గుమ్మం నుంచి సముద్రం దాకా ఏమేం ఉండేవో కళ్లు మూసుకుని చెప్పగలను. ముందు మా వీధి. అవతల పెద్దమ్మ ఇల్లు, దాని అరుగు, పక్కన బావి. ఆ తర్వాత ఒక వేపచెట్టు. చెట్టు దాటితే ఇసుక మొదలు. ముందు బాలబండి తీగ పాకిన ఇసుక, ఊదారంగు పూలు. అక్కడక్కడ రావణాసురుడి మీసాలు అనే ముళ్లగడ్డి, దాని గుండ్రటి కంకులు గాలికి దొర్లుకుంటూ పోతుంటే మేం వెంటపడేవాళ్లం. ఆపైన వలలు ఆరేసే చోటు, చేపలు ఎండేసే చోటు, కట్టుమరాలు నిలిపే చోటు. అన్నీ దాటాక తడి ఇసుక.

ఎండాకాలం సెలవుల్లో మాకొక పందెం ఉండేది. చెప్పులు వేపచెట్టు కింద వదిలేసి, కాలే ఇసుకలో ఆగకుండా పరుగెత్తి తడి ఇసుక చేరాలి. నోటితో లెక్కపెడుతూ పరుగెత్తాలి. నేను రెండో క్లాసులో ఉన్నప్పుడు తొంభై దాకా వచ్చేది. మధ్యలో కాళ్లు బొబ్బలెక్కి ఏ వల మీదో ఎక్కి నిలబడితే ఓడిపోయినట్టే. ఆరో క్లాసుకొచ్చేసరికి నలభై దగ్గరే కాళ్లు తడిశాయి. నేను పొడుగయ్యాను, అంగలు పెద్దవయ్యాయి అనుకుని మురిసిపోయాను.

*

పెద్దమ్మకి ఇడ్లీ అంగడి. అంగడంటే కప్పు, గోడలు ఏమీ లేవు. ఇసుకలో గుంట తవ్వి మూడు రాళ్ల పొయ్యి, ఇడ్లీ కుండ, చిమ్నీ లాంతరు, ఒక గంప. పెదనాన్న పోయిన ఏడాదికి మొదలుపెట్టింది. రాత్రి రెండింటికి లేచి పొయ్యి రాజేస్తే, మూడు నాలుగింటికి వేటకెళ్లేవాళ్లు వచ్చి కట్టుమరం దుంగల మీద కూర్చుని తినేసి వెళ్లేవాళ్లు. అప్పు పుస్తకం లేదు. ఎవరు ఎన్ని తిన్నారో ఆవిడకి గుర్తే. తిరిగొచ్చాక డబ్బులు ఇచ్చేవాళ్లు ఇచ్చేవాళ్లు, లేనివాళ్లు రెండు కవళ్లో నాలుగు కానాగంతలో గంపలో వేసి పోయేవాళ్లు.

ఆ కట్టుమరాల గురించి ఒక మాట చెప్పాలి. వేటకెళ్లి వచ్చాక వాటిని తాళ్లు విప్పేసి, దుంగలు దేనికది విడదీసి ఇసుక మీద ఆరేసేవాళ్లు. లేకపోతే నీళ్లు పీల్చి బరువెక్కుతాయి. మళ్లీ బయల్దేరేటప్పుడు కట్టుకోవాలి. రోజూ తెల్లవారుజామున నన్ను లేపింది కోడికూత కాదు, ఆ దుంగలు ఒకదానికొకటి తగిలే టక్ టక్ చప్పుడు. ఈ పనికంతా జాగా కావాలి కదా. ఒక్కో మరానికి మా హాలంత చోటు. ఇప్పటి ఫైబర్ బోట్లు చూసినవాళ్లకి ఇది అర్థం కాదు.

ఇక కరవల. మన నెల్లూరు వైపు, పైనున్న జిల్లాల్లో పెద్దవల, అలివివల అంటారు. వల ఒక కొన ఒడ్డున ఉంచి, రెండో కొన పట్టుకుని పడవ లోపలికెళ్లి, అర్ధచంద్రంగా తిరిగి దూరంగా ఇంకోచోట ఒడ్డుకొచ్చేది. అటు ఇరవైమంది, ఇటు ఇరవైమంది తాళ్లు పట్టుకుని లాగేవాళ్లు. ముందు నిదానంగా పాట ఎత్తుకునేవాళ్లు, వల దగ్గరికొచ్చే కొద్దీ పాట వేగం పెరిగేది, చివరికి మాటలు పోయి కేకలే మిగిలేవి. బడికెళ్లే ముందు మేమూ తాడు పట్టుకునేవాళ్లం. మా బలం ఎంత, తాడు పట్టుకుని వేలాడటమే. అయినా పంపకాల్లో పిల్లలకి ఒక దోసెడు నెత్తళ్లు పడేసేవాళ్లు. గౌను ఒడిలో పోసుకుని ఇంటికెళితే అమ్మ గుమ్మంలోనే ఆపి, ముందు నన్ను కడిగి, తర్వాత చేపలు కడిగేది.

కరవల లాగాలంటే మునుం నిలబడటానికి పొడుగాటి, వెడల్పాటి ఇసుక ఉండాలి. రాళ్ల మీద నిలబడి లాగలేరు, వల చిరిగిపోతుంది. ఈ సంగతి ఆ రోజుల్లో ఎవరూ నోటితో చెప్పలేదు. గాలి ఉండాలి అని ఎవరైనా చెబుతారా?

*

ఆదివారాల్లో ఎప్పుడైనా నాన్న మమ్మల్ని మెరీనా తీసుకెళ్లేవాడు. ఇంటి ముందు సముద్రం పెట్టుకుని బస్సెక్కి ఇంకో సముద్రం చూడ్డానికెళ్లడం పెద్దమ్మకి పెద్ద జోకు. "మరిదిగారూ, అక్కడి నీళ్లేమన్నా తియ్యగా ఉండాయా?" అనేది.

నాకు మెరీనా మొదటిసారి గుర్తుంది. బస్సు దిగి, చెప్పులు చేతపట్టుకుని, అలవాటు ప్రకారం లెక్కపెడుతూ పరుగు మొదలుపెట్టాను. వంద దాటింది. రెండొందలు దాటింది. ఆయాసమొచ్చి సుండల్ గుగ్గిళ్ల బండి పక్కన కూలబడ్డాను. సముద్రం ఇంకా దూరంగానే ఉంది.

"నాన్నా, ఇక్కడ ఇంత ఇసుక ఎందుకుంది?"

నాన్న వెంటనే చెప్పలేదు. ఐస్‌హౌస్ వైపు చెయ్యి చూపించి, ఒకప్పుడు సముద్రం దానికి బాగా దగ్గరగా ఉండేదన్నాడు. 1842లో అమెరికా నుంచి ఓడలో తెచ్చిన మంచుగడ్డలు దాచడానికి కట్టిన ఇల్లది. పడవల్లోంచి దించిన మంచు కరిగేలోపు చేరాలంటే ఒడ్డున కాక ఎక్కడ కడతారు? ఇప్పుడు అక్కణ్ణుంచి నీళ్ల దాకా నడిస్తే కాళ్లు పీకుతాయి.

అసలు సంగతి ఆయన చెప్పింది ఇంకొన్నాళ్లకి, ఒక వానరోజు. మా వీధిలో వాననీళ్లు ఇసుకని దొర్లించుకుంటూ పారుతున్నాయి. నాన్న ఒక ఇటుక తెచ్చి ఆ పారే నీళ్లకి అడ్డంగా పెట్టి, కాసేపు చూడమన్నాడు. ఇటుకకి ఇవతల ఇసుక మేటవేసింది. అవతల గొయ్యి పడింది. గొయ్యి కాస్త కాస్తగా కిందికి, పెద్దమ్మ అరుగు వైపు పాకింది.

"ఇటుక హార్బరు. మేటవేసింది మెరీనా. గొయ్యి మనం," అన్నాడు.

మద్రాసుకి సహజంగా రేవు లేదు. ఓడలు దూరంగా లంగరేసి నిలబడితే, మేకులు లేకుండా కొబ్బరి పీచు తాడుతో కుట్టిన మసూలా పడవల్లో మనుషులూ సరుకూ అలల మీద ఎగిరిపడుతూ ఒడ్డుకి వచ్చేవాళ్లు. మేకులు కొట్టిన పడవయితే ఆ దెబ్బలకి పగిలిపోయేది. 1870ల్లో సముద్రంలోకి రాతిగోడలు కట్టడం మొదలుపెట్టారు. 1881 తుపాను వాటిని విరగ్గొట్టింది, మళ్లీ కట్టారు. తర్వాత ఫ్రాన్సిస్ స్ప్రింగ్ అనే ఇంజనీరు రేవు ముఖాన్ని తూర్పు నుంచి ఈశాన్యానికి తిప్పించాడు. గోడకి దక్షిణాన ఇసుక చేరుతుంటే గవర్నర్ గ్రాంట్ డఫ్ అది చూసి ముచ్చటపడి 1884లో నడకబాట వేయించి మెరీనా అని పేరు పెట్టాడు. ఇదంతా చెప్పేటప్పుడు నాన్న గొంతులో హార్బరంటే ఒక గర్వం ఉండేది. మా అన్నం అక్కణ్ణుంచే వచ్చేది మరి. గర్వపడుతూనే ఇటుక తీసి పక్కన పెట్టాడు.

కుప్పంలో ఒక తాత ఉండేవాడు, బడి మొహం చూడనివాడు. ఆయన ఇదే సంగతి ఇంకోలా చెప్పేవాడు. ఇసుకకి కాళ్లున్నాయి అనేవాడు. దక్షిణం నుంచి ఉత్తరానికి పోయే నీటిపారుకి కుప్పంలో పేరు తెండి. ఉత్తరం నుంచి దక్షిణానికి వచ్చేదానికి పేరు వన్ని. ఏడాదిలో ఏడెనిమిది నెలలు తెండిదే జోరు, ఇసుక పైకి నడుస్తుంది. ఐప్పసిలో, అంటే అక్టోబరు-నవంబరులో, ఈశాన్యం వానలు పట్టాక మూడు నాలుగు నెలలు వన్ని తిరగబడుతుంది, కొంత ఇసుక వెనక్కొస్తుంది. పోయేది ఎక్కువ, వచ్చేది తక్కువ కాబట్టి ఏటా కింది నుంచి కొత్త ఇసుక రావాలి. కింద గోడ ఉంది. ఇంజనీర్లు ఘనపు మీటర్లలో, లక్షల్లో చెప్పే లెక్క ఇదే. తాత లెక్కలో ఇది అల్లుడు అత్తింటికొచ్చి కూతుర్ని తీసుకెళ్లడం లాంటిది, మళ్లీ పండక్కి పంపితే సరి, పంపకపోతే ఇల్లు బోసిపోతుంది.

ఆ మాటలు విన్న రాత్రి నాకు నిద్రపట్టలేదు. మెరీనాలో నేను గూళ్లు కట్టుకుని ఆడిన ఇసుక, వేపచెట్టు ముందుకి రావాల్సిన ఇసుక అని తెలిశాక ఎవరి మీద కోపం తెచ్చుకోవాలో తోచలేదు. మళ్లీ ఆదివారం మెరీనా వెళదామా అంటే మాత్రం ముందు నేనే తయారయ్యాను. సుండల్ అలాంటిది.

*

ముందు బావి చెప్పింది. పెద్దమ్మ ఒకరోజు టీ తాగి మొహం చిట్లించి, "ఉప్పు వేసినావేందే?" అని అక్కని తిట్టింది. అక్క ఏమీ వేయలేదు. నెల తిరిగేసరికి పప్పు ఉడకడం మానేసింది. ఆ తర్వాత బిందె పట్టుకుని కార్పొరేషన్ లారీ కోసం నిలబడటం మొదలైంది. సముద్రం పైన నడిచి వచ్చేలోపే మట్టి కింద నుంచి ఇల్లు చేరిందన్నమాట.

తర్వాత బాలబండి తీగ పోయింది. ఆ తర్వాత వలలు ఆరేసే చోటు. వేపచెట్టు వేళ్లు ఒక ఐప్పసి నెలలో బయటపడ్డాయి, పండ్లు ఊడిన చిగుళ్లలా. మరుసటేడు చెట్టు పక్కకి ఒరిగింది. ఒరిగిన చెట్టు మీద మేం గుర్రం ఆట ఆడాం. దాని మరుసటేడు అది లేదు.

తుపాను రాత్రుల చప్పుడు ఎలా రాయాలో తెలియదు. అల విరిగే చప్పుడు మామూలుగా చెవికి వస్తుంది. ఆ రాత్రుల్లో అరికాళ్లకి వచ్చేది. అటకమీద ఇత్తడి గిన్నెలు సన్నగా మోగేవి. అమ్మ తిరువొత్తియూరు అమ్మవారికి మొక్కుకునేది. త్యాగరాజస్వామి ఆ త్రిపురసుందరి మీద అయిదు కీర్తనలు కట్టారు కదా, అన్నీ తెలుగే, కాబట్టి అమ్మవారికి మన భాష వచ్చు అని అమ్మ నమ్మకం. పెద్దమ్మ భరోసా వేరే. సముద్రం ఒడ్డున పట్టినత్తార్ అనే సిద్ధుడి సమాధి ఉంది, ఆయన్ని దాటి సముద్రం లోపలికి రాదు అనేది. అలా అంటూనే ట్రంకుపెట్టె మా ఇంటికి చేర్పించేది.

ఒక రాత్రి అరుగు పోయింది. పొద్దున్నే వెళ్లి చూస్తే గుమ్మం ముందు ఏమీ లేదు, గడప అంచు నుంచి నిలువునా గొయ్యి. పెద్దమ్మ గడపలో కూర్చుని కాళ్లు గాల్లోకి వేలాడేసి పళ్లు తోముకుంటోంది. నన్ను చూసి, "రావే, మెట్లెక్కే పని తప్పింది," అంది. ఆ ఏడాది చివరికి వంటిల్లు కూడా పోయింది. పెద్దమ్మ, అక్క, అన్నయ్య మా ఇంట్లోకి వచ్చేశారు. రెండు గదుల్లో ఎనిమిదిమందిమి.

*

తర్వాత రాళ్లొచ్చాయి.

పిల్లలకి అది పండగ. లారీలు ఒకదాని వెనక ఒకటి. ఒక్కో రాయి ఎద్దంత. క్రేను వాటిని ఎత్తి వదిలినప్పుడు నేల అదిరేది, మేం చప్పట్లు కొట్టేవాళ్లం. పెద్దవాళ్లూ సంతోషించారు, అబద్ధం చెప్పను. ఆ రాళ్లు పడకపోతే మా ఇల్లు కూడా పోయేది. రోడ్డు నిలిచింది, కరెంటు స్తంభాలు నిలిచాయి, మేం రాత్రిళ్లు నిద్రపోయాం.

కానీ మొదటి వారమే తాత వచ్చి రాళ్ల మీద నిలబడి, "మరం ఎక్కడ దించాలి?" అని అడిగాడు. అక్కడున్న మేస్త్రీకి ఆ ప్రశ్న అర్థం కాలేదు. కాగితంలో రాయి ఉంది, మరం లేదు.

కట్టుమరాలు దించలేక కొందరు కాసిమేడు ఫిషింగ్ హార్బరుకి మారారు. అది 1980ల్లో మొదలైంది. అక్కడ పెద్ద బోట్ల మధ్య చిన్నవాళ్లకి చోటు దొరకడం గగనం, పైగా సొంత మరం మీద వెళ్లినవాళ్లు అక్కడ ఇంకొకరి బోటులో కూలికి ఎక్కారు. కరవల పాట ఆగిపోయింది. చేపలు ఎండేసుకునే ఆడవాళ్లు రోడ్డు పక్కన టార్పాలిన్ పరిచారు. లారీల దుమ్ము పడిన ఎండుచేపకి ధర రాదు. పెద్దమ్మ పొయ్యి తవ్వుకోవడానికి ఇసుక లేక, పంపు స్టవ్ కొనుక్కుని వీధిలో అంగడి పెట్టింది. తినేవాళ్లు మారిపోయారు. లారీ డ్రైవర్లు డబ్బులు లెక్కగా ఇచ్చేవాళ్లు, చేపలు మాత్రం ఎవరూ ఇవ్వలేదు. మా తమ్ముడి వయసు పిల్లలు ఈత నేర్చుకోలేదు. సముద్రం పక్కన పుట్టి ఈత రాని మొదటి వరస వాళ్లదే.

రాళ్లు వేస్తే పని అయిపోతుందా అంటే అదీ లేదు. గోడకి కొట్టుకుని వెనక్కి మళ్లిన అల కాళ్ల కింద ఇసుక తోడేస్తుంది. కింద బోలు కాగానే రాయి కుంగుతుంది. కొన్నేళ్లకి మళ్లీ లారీలు. గోడ ఎక్కడ ఆగిపోతే, దానికి ఉత్తరాన ఉన్న కుప్పం మీద సముద్రం మరింత పడుతుంది. మా కుప్పం వాళ్లకీ పై కుప్పం వాళ్లకీ దీని మీద పెద్ద గొడవ జరిగింది, నాట్టార్లు, అంటే కుప్పం పెద్దలు, కూర్చుని మాట్లాడారు. మీ రాళ్ల వల్ల మా ఇళ్లు పోయాయని వాళ్లు, మా ఇళ్లు పోయినప్పుడు మీరెక్కడున్నారని వీళ్లు. చివరికి ఇద్దరూ కలిసి, అక్కడా రాళ్లు వేయమని అర్జీ పెట్టారు.

*

పెళ్లయి నేను అంబత్తూరు వచ్చేశాను. సునామీ తర్వాత కుప్పంలో చాలామందికి లోపలెక్కడో క్వార్టర్స్ ఇచ్చారు, మూడో అంతస్తు, నాలుగో అంతస్తు. బోటు ఇంజను భుజాన పెట్టుకుని మెట్లెక్కే మనిషిని చూశారా? నేను చూశాను. వల బాల్కనీలో ఆరేస్తే కింది ఇంటివాళ్లతో తగవు. రాత్రి గాలి తిరిగితే పడవ సంగతేమిటో చూసుకోవాలి, అక్కణ్ణుంచి సముద్రం కనిపించదు. చాలామంది ఇల్లు అద్దెకిచ్చి మళ్లీ ఒడ్డుకే చేరారు. అలలకి దూరంగా పంపితే క్షేమం అనుకునేవాళ్లు ఒక్క వారం ఆ మెట్లెక్కి చూడాలి.

పెద్దమ్మ వెళ్లనే లేదు. ఆవిడ ట్రంకుపెట్టె అడుగున ఇంటి పట్టా, పన్ను రసీదులు ఉన్నాయి, మొన్న తీశాం. ఆ సర్వే నంబరు ఇప్పుడు సగం రాళ్ల కింద, సగం నీళ్ల కింద ఉంది. ఒడ్డు నుంచి 500 మీటర్లలోపు ఏం కట్టొచ్చు, ఏం కట్టకూడదు అని 1991లో సీఆర్‌జెడ్ నోటిఫికేషన్ వచ్చినప్పుడు అన్నయ్య పేపరు చదివి, "ఎక్కణ్ణుంచి కొలుస్తారంట, పోయినేడు ఒడ్డు నుంచా, ఈ ఏడు ఒడ్డు నుంచా?" అన్నాడు. 

2000 తర్వాత మా వైపు గ్రోయిన్లు కట్టారు. ఒడ్డు నుంచి సముద్రంలోకి వేళ్లు చాచినట్టు రాతిగట్లు. ఐఐటీ మద్రాసు వాళ్ల డిజైన్. అన్నిచోట్లా కాదు గానీ, రెండు గట్ల మధ్య కొన్నిచోట్ల ఇసుక నిలబడింది. నెలవంకంత. ఒక పండక్కి నేను వెళితే పెద్దమ్మ నా చెయ్యి పట్టుకుని లాక్కెళ్లింది. ఆవిడకి అప్పటికే మోకాళ్లు నొప్పులు. రాళ్లు దిగి, చెప్పులు విడిచి, ఆ ఇసుకలో నిలబడి, కాలి బొటనవేలితో గుంట తీసింది. లోతు చూస్తోంది. "పొయ్యి తవ్వొచ్చు," అంది. అక్కడ అప్పటికే నాలుగు ఫైబర్ బోట్లు, ఒక క్రికెట్ ఆట ఉన్నాయి. రాయి అనగానే తిట్టే అలవాటు నాకు ఆ రోజు కాస్త తగ్గింది. ఎక్కడ, ఎటు తిప్పి, ఎంత పొడుగు వేశారనేదాన్ని బట్టి ఉంటుంది. అలాగని అక్కడ ఆగిన ఇసుక పైవాళ్లకి వెళ్లదు కదా అని తాత ఉంటే అనేవాడు. లేడు.

కాకినాడ వైపు ఇచ్చిన మా చిన్నాన్న కూతురు ఫోన్లో ఉప్పాడ గురించి చెబుతుంటే మా కథే మళ్లీ వింటున్నట్టుంటుంది. అక్కడ పెద్ద పెద్ద సింథటిక్ గుడ్డ గొట్టాల్లో ఇసుక నింపి ఒడ్డు పొడుగునా పరిచారు. కొన్నేళ్లు ఆపింది, తర్వాత చిరిగిపోయి జారింది. తుపాను వస్తే కాకినాడ-ఉప్పాడ బీచ్ రోడ్డు తెగిందని టీవీలో చూపిస్తారు, నేను ఛానెల్ మార్చేస్తాను. దేశం మొత్తం మీద 1990 నుంచి 2018 దాకా తీరాన్ని కొలిస్తే దాదాపు మూడో వంతు కోతలో ఉందని తేల్చిన సంస్థ ఉన్నది మా చెన్నైలోనే, పళ్లికరణైలో.

విశాఖలో మాత్రం హార్బరు దగ్గర పేరుకున్న ఇసుకని డ్రెడ్జరుతో తోడి, గొట్టాల్లో పంపి ఆర్కే బీచ్ ముందు పోస్తారు. పుదుచ్చేరిలో ఇంకోటి చూశాను. అక్కడ 1980ల్లో కట్టిన రేవు గోడల వల్ల ఊరి ముందు ఇసుక పోయి ఏళ్ల తరబడి రాళ్లే ఉండేవి. 2018లో చెన్నైలోని సముద్ర సాంకేతిక సంస్థ ఎన్‌ఐఓటీ వాళ్లు నీళ్లలో మునిగి ఉండేలా పెద్ద ఉక్కు దిబ్బ ఒకటి దించారు. అల దానికి తగిలి మెత్తబడి వస్తుంది, ఇసుక నిలబడుతుంది. నేను వెళ్లేసరికి సచివాలయం ముందు జనం ఇసుకలో కూర్చుని ఉన్నారు. నా పక్కన ఒక పాప గూడు కడుతోంది. నేను చెప్పులు తీసి నీళ్ల దాకా లెక్కపెట్టుకుంటూ నడిచాను. ఎంత వచ్చిందో మా ఆయన అడిగితే చెప్పలేదు.

ఆ సంగతి పెద్దమ్మకి ఫోన్లో చెప్పాను. శ్రద్ధగా వింది. "అయితే మెరీనా ఇసుక కాస్త తోడి ఇటు పోయమను. ఊరికే వద్దులే, అప్పుగానే," అంది. నాన్న ఉంటే ఏదో ఒక జవాబు చెప్పి ఉండేవాడు. రిటైరయ్యేదాకా వదినా మరుదులు ఆ గోడ మీద ఎగతాళి ఆడుకుంటూనే ఉన్నారు. "మీ హార్బరు గోడ కాస్త జరిపించండి మరిదిగారూ" అని ఆవిడ, "రేపు దొరతో మాట్లాడతాను వదినా" అని ఈయన.

*

పిండాలకి కాకి రావడం ఆలస్యమైంది. రాళ్ల మీద పెట్టిన విస్తరి గాలికి రెండుసార్లు ఎగిరింది, అన్నయ్య రాయి పెట్టాడు. పంతులుగారు ఇంకోచోటికి వెళ్లాలని తొందరపడుతున్నారు. కుప్పం ఆడవాళ్లు నలుగురైదుగురు వచ్చి నిలబడ్డారు. వాళ్లలో ఒకావిడ, నాతో పరుగు పందెం వేసిన మనిషి, నా పక్కకి వచ్చి, పెద్దమ్మ తనకి పందొమ్మిది ఇడ్లీల బాకీ ఉందని ఎప్పుడూ గుర్తుచేసేదని చెప్పింది. అది వాళ్ల నాన్న బాకీ, ఆయన పోయి ముప్ఫై ఏళ్లు.

కాకి వచ్చింది. ముందు ఇడ్లీ ముట్టింది, అందరూ హమ్మయ్య అనుకున్నారు.

స్నానానికి రాళ్ల మీద దిగడం కుదరక, బకెట్టుతో సముద్రం నీళ్లు తోడి నెత్తిన పోసుకున్నాం. అన్నయ్య తడిబట్టలతోనే సంచి దగ్గర కూర్చున్నాడు. గద్దెకి పట్టింది నాలుగు దోసిళ్లే, మిగతాదంతా అలాగే ఉంది. సముద్రంలో పోసేద్దామా అన్నాను. వద్దన్నాడు. సంచి మూతి మెలితిప్పి, కొబ్బరి తాడుతో గట్టిగా ముడేసి, స్కూటర్ ముందు కాళ్ల దగ్గర పెట్టుకున్నాడు.

"మేస్త్రీకి తిరిగిచ్చేయాలి," అన్నాడు. "ఇసుక లెక్క రాసుకున్నాడు."